కొట్టారి కనకయ్య నాయుడుగారు

మన గ్రంథాలయమునకు వచ్చు కుర్రవాండ్రు పత్రిక చేతి కందగానే ఆటల పుట తెరచెదరు. వారిలో సి. కె. నాయుడుగారి పేరెరిగినవారు కొలదిమందియే. వారికొరకే ఈ చరిత్ర.

క్రికెట్టు ఆంగ్లేయుల క్రీడ. పూర్వము ఆ దేశపు జట్టునకు నాయకుడగువాడు జీతము పుచ్చుకొనక వినోదార్థమాడు కులీనుడై యుండవలె నను ఆచార ముండెడిది. మన దేశమున ఆ స్థానము సంస్థానాధీశులకు దక్కినది. అట్టి దినములలో రాజు కాని ఒక తెలుగువాడు భారతదేశపు తొలి టెస్టునాయకుడయ్యెను.

నాయుడుగారి పూర్వులు మచిలీపట్టణమువారు. కుటుంబము నాగపూరు చేరగా, అచట 1895 అక్టోబరు 31వ తేదీన వీరు జన్మించిరి. 1916లో బొంబాయిలో హిందువుల జట్టున చేరి ఐరోపావారిపై ఆడిరి. 1923లో ఇండోరు ప్రభువగు తుకోజీరావు హోల్కరు పిలిపించి తన సైన్యమున కొలువిచ్చెను. కర్నల్ అను బిరుదము అచటిదే.

1926 డిసెంబరులో గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై, బొంబాయి జింఖానాలో, వీరు రెండు గంటలు నిండకుండగనే 153 పరుగులు చేసిరి. అందు సిక్సరులు పదునొకండు. లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక కట్టి చూచితిని: సిక్సరుల వలననే 66 వచ్చినవి! మనవారును టెస్టులాడగలరను నమ్మకము దీనితో బలపడినది. 1928లో క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడెను.

1932లో మన జట్టు ఇంగ్లండు వెడలినప్పుడు నాయకుడు పోరుబందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాకుమారుడు. మహారాజు తన ఆటయొక్క పరిమితి నెరిగినవాడై టెస్టునుండి తప్పుకొనెను. ఇది మెచ్చదగిన గుణము. రాకుమారుడు గాయపడెను. అట్లు జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున నాయుడుగారు జట్టును నడిపిరి. నిస్సార్, అమర్‌సింగులతో కూడిన మన జట్టు 19 పరుగులకే ఇంగ్లండువారి మూడు వికెట్లు కూల్చినది. చేతికి దెబ్బ తగిలియు నాయుడుగారు 40 పరుగులు చేసిరి. మొదటి ఇన్నింగ్సులో మనవారిలో అదియే అధికము. తుదకు 158 పరుగులతో ఓడితిమి. ఆ యాత్రలో వీరు కొట్టిన సిక్సరులు 32. 1933లో విస్డెన్ గ్రంథము వీరిని ఆ యేటి మేటి ఆటగాండ్రలో నొకరిగ నెంచినది.

1933–34లో స్వదేశమున జరిగిన మూడు టెస్టులకును వీరే నాయకులు. 1936 యాత్రకు మాత్రము నాయకత్వము విజయనగర రాకుమారునకు పోయెను. ఆయనయు మన ఆంధ్రదేశపు సంస్థానమువాడే. క్రీడకై ధనము వెచ్చించి 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌లవంటివారిని రప్పించిన రసికుడు. ఆ ఔదార్యమును కాదనరాదు. కాని మూడు టెస్టులలో ఆయన పరుగులు మొత్తము 33. జట్టు కలతలతో చీలిపోయెను. నాయుడుగారు ఆయనక్రింద మామూలు ఆటగాడుగ ఆడిరి. ఓవల్ మైదానమున ఆలెన్ వేసిన బంతి దేహమునకు గట్టిగ తగిలినను నిలిచి 81 పరుగులు చేసిరి. వారికదియే కడపటి టెస్టు.

క్రమశిక్షణ విషయమున వీరు మిక్కిలి కఠినులు. వీరి నాయకత్వమున హోల్కరు జట్టు నాలుగు పర్యాయములు రంజీ విజేత అయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆ సంవత్సరమే ఆంధ్రజట్టు తొలిసారి రంజీ పోటీలలో దిగగా, 58 ఏండ్ల నాయుడుగారు వచ్చి నాయకత్వము వహించిరి. ఇండోరులో బ్రతుకంతయు గడపినను, పూర్వుల భూమి పిలువగా వచ్చిరి.

1956లో పద్మభూషణ బిరుదము లభించెను. అరువదియేండ్లు దాటిన పిదపను ఉత్తరప్రదేశ్ జట్టు పక్షమున ఆడిరి. 1967 నవంబరు 14వ తేదీన ఇండోరులో పరమపదించిరి. నేడు దేశములో ఇరువదిమూడేండ్లలోపు యువకుల పోటీ వీరి పేరనే జరుగుచున్నది.