న్యాయాధిపతి జాన్ మార్షల్ - ప్రజారోగ్యాధికారము

2021వ సంవత్సరము మే నెలలో కరోనా మహమ్మారి విజృంభించియుండగా, ఆంధ్రప్రదేశమునుండి రోగులను హైదరాబాదునకు గొనివచ్చు అంబులెన్సులను, ఆసుపత్రివారి ముందస్తు అంగీకారము లేదను కారణమున, తెలంగాణా పోలీసులు సరిహద్దున నిలిపివేసిరి. తెలంగాణా ఉన్నత న్యాయస్థానము ఆ యుత్తరువు అమలును ఆపివేసెను. రాష్ట్రము తన ప్రజల యారోగ్యమును రక్షించుకొనుటకై ఎంతవరకు పోవచ్చును? దేశమంతకును చెందిన బాటపై దాని కెంత యధికారము కలదు? ఈ ప్రశ్నను రెండువందల యేండ్ల క్రిందటనే ఎదుర్కొనిన అమెరికా న్యాయాధిపతి జాన్ మార్షల్ చరిత్రమును పాఠకులకు జ్ఞప్తికి దెచ్చుట యుచితమని తలంచుచున్నాము.

మార్షల్ 1755 సెప్టెంబరు 24వ తేదీన వర్జీనియాలో జన్మించెను. పదునైదుగురు సంతానములో జ్యేష్ఠుడు. స్వాతంత్ర్య సంగ్రామమున సైనికుడై, 1777-78 శీతకాలమున వాషింగ్టను సేనతో వ్యాలీ ఫోర్జి శిబిరమున నుండెను. అచ్చట అన్నవస్త్రములు కొరవడి, శత్రువుల తుపాకులకు గాక రోగములకే సుమారు రెండువేల మంది బలియైరి. ఆనాటి అమెరికా కాంగ్రెసునకు పన్ను విధించు నధికారము లేదు. రాష్ట్రములు ధనమీయకున్న సేనకు కూడు లేదు. బలమైన కేంద్రము లేనిదే స్వాతంత్ర్యము నిలువదను విశ్వాసము ఆ యువకుని హృదయమున అప్పుడే నాటుకొనెను. 1788లో వర్జీనియా సభయందు నూతన రాజ్యాంగమును సమర్థించెను. 1801లో ప్రధాన న్యాయమూర్తియై, 1835 జూలై 6న మరణించువరకు ముప్పదినాలుగేండ్లు ఆ పీఠము నధిష్ఠించెను.

ఆ కాలమున అమెరికా రేవుపట్టణములకు పచ్చజ్వరము యమదూతవలె నుండెడిది. 1793లో నాటి రాజధానియగు ఫిలడెల్ఫియాలోనే ఇంచుమించు ఐదువేలమంది మరణించిరి. పిమ్మట 1796, 1799 సంవత్సరములలో కాంగ్రెసు చేసిన శాసనములు, ఓడలను నిలిపి పరీక్షించు రాష్ట్ర నిబంధనల యమలునకు కేంద్రోద్యోగులు తోడ్పడవలెనని విధించినవే గాని, వానిని త్రోసివేసినవి కావు.

1824లో గిబ్బన్సు, ఆగ్డెను అనువారల వ్యాజ్యెము వచ్చెను. న్యూయార్కు రాష్ట్రము తన జలములలో ఆవిరియోడల గుత్తహక్కును కొందరికే యొసంగగా, గిబ్బన్సు న్యూజర్సీనుండి తన యోడను నడపెను. రాష్ట్రములనడుమ రాకపోకలను, వర్తకమును శాసించు నధికారము కాంగ్రెసుదేయని మార్షల్ తీర్పు చెప్పి, ఆ గుత్తను కొట్టివేసెను. అయినను ఆ తీర్పులోనే, క్వారంటైను నిబంధనలును ఆరోగ్య శాసనములును రాష్ట్రములు వదలుకొనని యధికారములలోనివని యంగీకరించెను. కేంద్రవాదులలో నగ్రగణ్యుడే రోగి మంచమునకు సమీపమున నున్న ప్రభుత్వపు హక్కును గుర్తించుట గమనింపదగినది.

ఆయన దోషరహితుడని మేము చెప్పజాలము. స్వాతంత్ర్యమునకై పోరాడియు బానిసలను గలిగియుండెను. కాని ఆయన గీచిన గీత నిలిచినది. 1905లో మశూచికపు టీకాను నిర్బంధము చేయ రాష్ట్రమునకు హక్కు కలదని అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ నిర్బంధము స్వేచ్ఛాచారమైనచో న్యాయస్థానము అడ్డుపడవచ్చుననియు జేర్చెను. ఆ తీర్పు వ్రాసిన హార్లను న్యాయమూర్తికి తండ్రి పెట్టిన పేరు జాన్ మార్షల్ అనియే!

మన రాజ్యాంగమును ఇట్టి విభజననే చేసినది. ప్రజారోగ్యము రాష్ట్రముల జాబితాలో నున్నది. రాష్ట్రములనడుమ క్వారంటైను కేంద్రమునకు చెందినది. అంటురోగము ఒక రాష్ట్రమునుండి మరియొకదానికి ప్రాకకుండ జేయుట ఉభయులకును చెందినది. మేము రాష్ట్రాధికారములకు విరోధులము గాము. ఆసుపత్రులు నడుపుట, టీకాలు వేయించుట, గ్రామమును కనిపెట్టియుండుట రాష్ట్రములు చేయవలసిన పనులే. కాని ఊపిరాడక సరిహద్దున నిలిచిన రోగి పరదేశి కాడు. రాబోవు మహమ్మారికి ముందే, కేంద్రమును రాష్ట్రములును గూడి, ఆ బాట మూయబడకుండునట్లు స్పష్టమైన నిబంధనలు చేసికొనవలయునని కోరుచున్నాము.