విప్పి చూసి నేర్చుకున్న నాయుడు గారు



విజయనగరం నుంచి కొరాపుట్ వెళ్ళే బస్సు సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు, ముందు సీట్లో కూర్చున్న పిల్లల్ని ఎప్పుడైనా గమనించారా? చాలామంది కళ్ళు గేర్ రాడ్ మీదే ఉంటాయి. ఎత్తు వచ్చిన ప్రతిసారీ గేర్ ఎందుకు మారుస్తున్నారు, మార్చకపోతే ఏమవుతుంది అని అడుగుతారు. మనం ఊరుకోమంటాం. ఈ నెల మనం తెలుసుకోబోయే వ్యక్తి అలాంటి ప్రశ్నలను జీవితాంతం వదలలేదు. ఆయనే జి.డి. నాయుడు.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో, తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు రుచించలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది. ఇలాంటి పిల్లవాడు మన ఇంట్లో ఉంటే ఎంత బెంగ పెట్టుకుంటామో ఊహించవచ్చు.

ఒకసారి ఒక ఇంగ్లీషు అధికారి నడుపుతున్న మోటార్ సైకిల్ ఆయన కంటపడింది. ఎద్దూ గుర్రమూ లేకుండా అది ఎలా కదులుతోందన్న ఆలోచన ఆయన్ని వదలలేదు. కోయంబత్తూరులో ఒక హోటల్లో సర్వర్‌గా చేరి, జీతం కూడబెట్టి, దాన్ని 300 రూపాయలకు కొన్నారు. కొన్న బండిని నడిపి మురిసిపోవడంతో ఊరుకోలేదు. భాగాలన్నీ విప్పి, మళ్ళీ బిగించారు. విప్పడం ఎవరైనా చేయగలరు. బిగించాక బండి నడవాలి, అసలు పరీక్ష అదే. ఆ పరీక్ష నెగ్గి ఆయన మెకానిక్ అయ్యారు.

తర్వాత బొంబాయి వెళ్ళి పత్తి వ్యాపారంలో చేయి కాల్చుకున్నారు. తిరిగి వచ్చి 1920లో, రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్ల వ్యాపారి సాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద రవాణా సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. డ్రై సెల్స్‌తో నడిచే షేవింగ్ రేజర్, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం ఇలా ఎన్నో రూపొందించారు. అన్నీ నెగ్గలేదు. 1952లో 2,000 రూపాయల ఖరీదుకు ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారు చేస్తే, ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అది అక్కడితో ఆగిపోయింది.

చదువు విషయంలోనూ ఆయనది మొండి పట్టే. 1945లో ఆయన చొరవతో, విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాల వచ్చాయి. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలం అదే. ప్రిన్సిపాల్‌గా ఉంటూనే, నాలుగేళ్ల కోర్సు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తోందని, చేతిపని మీద నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన పేరిట ఉన్న సంస్థ కోయంబత్తూరులో పాత కార్ల మ్యూజియం నడుపుతోంది.

మరి ఆయన వాదన సరైనదేనా? పాత కార్ల మీద మోజున్నవారు ఈ మధ్య చేయిస్తున్న ఒక పనిని చూద్దాం. పాత కారులో చేత్తో మార్చే గేర్‌బాక్స్ తీసేసి, నేటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టిస్తున్నారు. చెప్పినంత తేలిక కాదది. పాత ఇంజిన్ బోల్టు రంధ్రాలు కొత్త గేర్‌బాక్స్ రంధ్రాలతో కలవవు కాబట్టి మధ్యలో ఒక పలక చేయించాలి. కొత్త పెట్టె పొడవు వేరు కనుక వెనక చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టును కోసి సరిచేయాలి. పెట్టె పట్టకపోతే కారు అడుగు రేకును కూడా కోయాలి. ఇవన్నీ కొలిచే చెయ్యి, చూసే కన్ను ఉన్నవారికి అర్థమవుతాయి. నాయుడు గారి చదువు ఇదే.

కానీ ఆటోమేటిక్‌లో క్లచ్ పెడల్ ఉండదు. ఇంజిన్ తిప్పే ఆయిలే అవతలి చక్రాన్ని తిప్పుతుంది. ఆ రెండింటి వేగాల్లో తేడా ఉన్నప్పుడు కొంత శక్తి వేడిగా మారుతుంది. ఆ ఆయిల్‌ని చల్లబరిచే ఏర్పాటు లేకపోతే గేర్‌బాక్స్ పాడవుతుంది. ఎంత వేడి పుడుతుందో విప్పి చూస్తే కనబడదు, లెక్క వేయాలి. అంటే తరగతి గదిలో చెప్పే ఫిజిక్స్ కావాలి. నాయుడు గారి మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం బ్లాక్‌బోర్డు మీద ఉంది.

మన పిల్లలకు ఆ బ్లాక్‌బోర్డు సగం బాగానే అందుతోంది. అందనిది మొదటి సగం. ఈ సెలవుల్లో ఇంట్లో మూలపడ్డ టేబుల్ ఫ్యానో, అలారం గడియారమో వాళ్ల చేతికి ఇవ్వండి. ప్లగ్ తీసేసి, పెద్దవాళ్లు పక్కన కూర్చోండి. పాత టీవీ, ఇన్వర్టర్, మైక్రోవేవ్ మాత్రం వద్దు, కరెంటు తీసినా వాటిలో ప్రమాదం మిగిలి ఉంటుంది. విప్పిన స్క్రూలను వరసగా ఒక పళ్ళెంలో పెట్టమనండి. తిరిగి బిగించడం రాకపోతే కోప్పడకండి, ఎక్కడ ఆగిపోయారో అడగండి. ఆ ప్రశ్నను బడికి పంపండి. మిగతా సగం మా ఉపాధ్యాయులు చెబుతారు.