కర్నల్ విలియం లాంబ్టన్

రేణిగుంట విమానాశ్రయమునుండి ఢిల్లీ విమానాశ్రయమునకు దూరమెంతయని విద్యార్థులు మమ్మడుగుచుందురు. సరళరేఖలో సుమారు 1,670 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగమున పోవు విమానమునకు, ఎక్కుటకును దిగుటకును పట్టు కాలముగాక, రెండు గంటలకు పైచిలుకు పట్టును. ఆకాశమున మైలురాళ్లు లేవే, ఈ లెక్క యెట్లు కుదిరినది? రెండు స్థలముల అక్షాంశ రేఖాంశములు తప్పులేక తెలిసినప్పుడే యది కుదురును. అట్టి కొలతకు మన దేశమున పునాది వైచిన లాంబ్టన్ చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

లాంబ్టన్ ఇంగ్లండునందలి యార్కుషైరులో సామాన్య కుటుంబమున జన్మించెను. సైన్యమున చేరి, అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున బందీయయ్యెను. పిమ్మట కెనడాలో చిన్న యుద్యోగము చేయుచు గణితశాస్త్రమును స్వయముగా నభ్యసించెను. 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమున, రాత్రివేళ తమ దండు దారితప్పి శత్రువులవైపు నడచుచుండుటను నక్షత్రములను జూచి గుర్తించి సేనానికి తెలిపెను.

దేశమును కొలువవలెనని అతడు కోరగా, శ్రీరంగపట్టణము పోదలచినవాడు పల్లకీ బోయీలతో చెప్పిన చాలదాయని మద్రాసు అధికారులలో నొకడు ఆక్షేపించెను. బోయీలకు త్రోవ తెలియుననుట నిజమే. కాని త్రోవ యెరుగుట వేరు, దూర మెరుగుట వేరు.

1802లో లాంబ్టన్ చెన్నపట్టణమున సెయింటు థామసు కొండచెంత ఏడున్నర మైళ్ల నేలను నూరడుగుల ఉక్కు గొలుసుతో కొలిచెను. ఒక భుజమును రెండు కోణములును తెలిసిన, తక్కిన భుజములు లెక్కకు వచ్చునని మన విద్యార్థు లెరుగుదురు. అట్లు త్రిభుజమునకు త్రిభుజమును చేర్చుకొనుచు పడమటి కడలిని చేరగా, పటములలో 400 మైళ్లుగా నున్న ద్వీపకల్పపు వెడల్పు 360 మైళ్లేయని తేలెను. నలువది మైళ్ల భూమి కాగితముమీద మాత్రమే యుండెను!

అతని థియోడలైటు యంత్రము అరటన్ను బరువుగలది. 1808లో దానిని తంజావూరు ఆలయగోపురముపైకి లాగుచుండగా త్రాడు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని, దాని చక్రము వంకరవోయెను. లాంబ్టన్ ముఖ్యులగు పనివారిని దప్ప నెవ్వరిని గుడారములోనికి రానీయక, ఆరు వారములు శ్రమించి దానిని పూర్వరూపమునకు తెచ్చెను. వంకర యంత్రముతోనే పని సాగించిన, అప్పటికప్పుడు కనిపెట్టగలవారు అరుదు. అయినను అతని మనస్సాక్షి అందుల కొప్పలేదు.

1811లో మన రాయలసీమయందలి గుత్తిచెంతను మరియొక ఆధారరేఖను కొలిచెను. 1823 జనవరి 20న, నాగపూరునకు పోవుచు, హింగన్‌ఘాటున మరణించెను. శేషకార్యమును జార్జి ఎవరెస్టు హిమాలయ పాదములవరకు కొనసాగించెను.

ఆ మహారేఖ 78వ రేఖాంశము ననుసరించి సాగినది. రేణిగుంటనుండి ఢిల్లీకి గీచిన రేఖ దానిని దాటియే పోవును. నేడు రెండు గంటలలో గడచు ఆ దూరమును, జ్వరములకోర్చి, కొండలెక్కి కొలిచినవారిలో పేరు నిలువని మన దేశపు గొలుసుమోయువారును జెండాలు పట్టువారును అనేకులు గలరు. లెక్కలో ఒక్క అంకె తప్పిన నేమియని తలచు విద్యార్థులు తంజావూరి గుడారమును స్మరింతురు గాక.