వేళ కాని వేళ విస్తరి వేసిన సీతమ్మగారు

మధ్యాహ్నం మూడవుతుంది. అందరి భోజనాలూ అయిపోయి, గిన్నెలు కడిగేసి, గట్టు తుడిచి, ఇక కాసేపు నడుం వాలుద్దామనుకుంటాం. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చుట్టాలు! ఒకరూ ఇద్దరూ కాదు, నలుగురు. మొహాన నవ్వు తెచ్చుకుని రండి రండి అంటాం గానీ, కూరల బుట్టలో ఏం మిగిలిందా అని లోపల లెక్క మొదలవుతుంది. ఇలాంటప్పుడల్లా నాకు డొక్కా సీతమ్మగారు గుర్తొస్తారు. కాస్త సిగ్గేస్తుంది కూడా.

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు. గడప తొక్కినవాళ్లకి అన్నం పెట్టందే పంపేవారు కాదని ఊళ్లోవాళ్లు ఆయన్ని బువ్వన్న అనేవారట. తల్లి నరసమ్మగారు తొందరగా పోవడంతో వంటిల్లు చిన్నవయసులోనే సీతమ్మ చేతికొచ్చింది. లంకల గన్నవరం నుంచి వచ్చిన డొక్కా జోగన్నగారు ఓసారి భోజనాల వేళకి వాళ్లింట ఆగారట. తండ్రీకూతుళ్ల ఆదరణ చూసి, ఆ పిల్లనే చేసుకోవాలని నిశ్చయించుకున్నారని చెప్తారు. పెళ్లిచూపుల్లో పాటలు పాడించుకునే కాలం కాదు మరి, వడ్డనే పెళ్లిచూపులైంది!

అత్తవారిది పొలం, పాడి ఉన్న ఇల్లు. ఊరేమో గోదావరి పాయల మధ్య ఉంది. అటు వెళ్లాలన్నా ఇటు రావాలన్నా రేవు దాటాల్సిందే. వైనతేయ పాయలో పడవ ఎప్పుడొస్తే అప్పుడే ప్రయాణం. వరద వస్తే అదీ లేదు. పెళ్లిళ్లకీ, తీర్థాలకీ పిల్లాజెల్లాతో బయల్దేరినవాళ్లు ఆకలితో అక్కడికి చేరేవారు. దారిలో హోటళ్లా, దుకాణాలా? అలాంటి చోట ఒక ఇంటి తలుపు ఎప్పుడు తట్టినా తెరుచుకునేది. పగలని లేదు, అర్ధరాత్రని లేదు. కులం అడిగి విస్తరి వేసేవారు కాదని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజుల్లో, ఆ ఇళ్లల్లో, అది ఎంత పెద్ద మాటో మన అమ్మమ్మలనడిగితే తెలుస్తుంది.

ఆ వంటిల్లు తల్చుకుంటే నాకు గుండె దడే. గ్యాసు లేదు, కుక్కరు లేదు, మిక్సీ లేదు. కట్టెలు తడిస్తే ఊది ఊది కళ్లు మండాలి. గుండిగతో అన్నం వండితే గంజి వార్చడమే ఒక యుద్ధం. కందిపప్పు మెత్తగా ఉడికే దాకా వచ్చినవాళ్ల ఆకలి ఆగదు. అయితే ఒక్కటి, కోనసీమ పెరడు ఇల్లాలిని నట్టేట ముంచదు. అరటిచెట్టుంటే కాయ కూరకీ, ఆకు భోజనానికీ పనికొస్తుంది. కందా, బచ్చలీ కలిపి పులుసుపోసి ఆవపెడితే పదిమందికి సరిపోయే కూర. పనసకాయ కొట్టించుకుంటే పొట్టు కూర. జాడీలో ఆవకాయ, డబ్బాలో వడియాలు, చల్లకుండలో మజ్జిగ ఉంటే ఏ వేళకైనా విస్తరి నిండినట్టే. ఇవన్నీ ముందుచూపుతో ఎండబెట్టీ, ఊరబెట్టీ దాచుకోవాలి. అన్నదానమంటే అందరూ మనసు గురించే మాట్లాడతారు. దాని వెనకున్న చాకిరీ ఎవరూ లెక్కపెట్టరు. జోగన్నగారు అడ్డు చెప్పకుండా తోడుగా నిలబడ్డారంటే, అదీ చిన్న సంగతి కాదు.

ఎప్పుడో ఒకసారి ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఆగినచోట, ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని ఎవరో సముదాయిస్తున్నారు, ఇంకాస్త ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మగారింట అన్నం దొరుకుతుందని. అది చెవిన పడగానే పల్లకీ వెనక్కి తిప్పించేశారట. వాళ్లకంటే ముందు ఇంటికి చేరి వంట మొదలెట్టాలిగా!

పెట్టగా పెట్టగా ఆస్తి కరిగిపోతూ వచ్చిందంటారు. అయినా పొయ్యి ఆరలేదు. పేరు మాత్రం సముద్రాలు దాటింది. 1903లో ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకి ఆవిడకి ఆహ్వానం వచ్చిందనీ, తను వెళ్తే వచ్చేవాళ్లకి ఎవరు పెడతారని ఆవిడ వెళ్లలేదనీ చెప్తారు. పేరు కోసం చేస్తున్న పని కాదు కదా అని ఫొటో తీయించుకోవడానికీ ఇష్టపడలేదట. అధికారులు బతిమాలి తీయించి పంపారట. మనం ఇవాళ చూస్తున్న ఆ ముసలమ్మ బొమ్మ వెనక కథ ఇది. నాకైతే ఈ రాజుగారి కబురు కంటే ఆ పల్లకీ కబురే గొప్పగా అనిపిస్తుంది.

1909 ఏప్రిల్ 28న సీతమ్మగారు కన్నుమూశారు. ఒకప్పుడు బాటసారులు పడవ కోసం ఎదురుచూసిన వైనతేయ మీద, గన్నవరం దగ్గర కొత్త అక్విడెక్టు కట్టి 2000లో ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే పెట్టింది. గంట కొట్టగానే కంచాలు పట్టుకుని వరసలో నిలబడే పిల్లలకి ఈ పల్లకీ కథ కూడా ఎవరైనా చెప్తే బాగుండును. అన్నం చల్లారకుండా, కాస్త క్లుప్తంగా!