28 ఏళ్లు నిండకుండానే ఆగిన కుంచె
ఆంధ్ర చిత్రకళకు బాట వేసిన దామెర్ల రామారావు

రాజమహేంద్రవరం: రవివర్మ చిత్రాలు అచ్చుబొమ్మలుగా ఇంటింటి గోడలకెక్కిన కాలమది. మరోవైపు వంగదేశంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుల కొత్త రీతి ప్రభవిస్తోంది. ఆంధ్రులకు తమదైన చిత్రకళ ఏదన్న ప్రశ్నకు గోదావరి తీరం నుంచి సమాధానమిచ్చిన చిత్రకారుడు దామెర్ల రామారావు.

1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించిన ఆయనకు బాల్యం నుంచే బొమ్మలపై మక్కువ. స్థానిక ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. బాలుడిలోని ప్రతిభను గుర్తించి, ప్రకృతిని కళ్లారా చూసి గీయడం నేర్పారు. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం కూడా ఆ గురువు ప్రోత్సాహంతోనే ఎదిగారు. కూల్డ్రే ప్రోద్బలంతో రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, 1920లో శిక్షణ పూర్తి చేశారు.

అక్కడ పాశ్చాత్య పద్ధతులు అభ్యసించినా వాటికి దాసుడు కాలేదు. వంగ రీతినీ అనుకరించలేదు. అజంతా రేఖల్లోని ఒయ్యారాన్ని, నీటిరంగుల తేటదనాన్ని మేళవించి తెలుగు జీవితాన్ని చిత్రించారు. తూర్పు కనుమల నడుమ సాగే గోదావరి ఆయన చిత్రాల్లో ఒదిగింది. పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం ఆయనకు పేరు తెచ్చాయి. ఋష్యశృంగ భంగం చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి లభించింది. 1924లో లండన్ సమీపంలోని వెంబ్లీలో జరిగిన ప్రదర్శనకూ ఆయన చిత్రాలు వెళ్లాయి.

అంత పేరొచ్చినా ఆయన మహానగరాల్లో స్థిరపడలేదు. స్వస్థలంలోనే ఉండి, 1923లో చిత్రకళాశాల స్థాపించి యువకులకు శిక్షణ ఇవ్వసాగారు. ఒక్కరి కీర్తితో కళ నిలవదని, నేర్చినవారి పరంపర ఉంటేనే అది జాతి సొత్తవుతుందని ఈ ప్రయత్నం చాటింది. రెండేళ్లు తిరగకుండానే మశూచి సోకి 1925 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

గురువు పోయినా బడి మూతపడలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బాధ్యతను భుజాన వేసుకుని తర్వాతి తరాలకు కళను అందించారు. చిత్రకారిణి అయిన సతీమణి సత్యవాణి, ఆత్మీయులు ఆయన చిత్రాలను చెదిరిపోకుండా కాపాడారు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలకు ఆ చిత్రాలే ప్రాణం. నీటిరంగులకు వెలుతురు, తేమ రెండూ శత్రువులే. పదేళ్లయినా నిండని కళాజీవితం మిగిల్చిన సంపదను పదిలపరచుకోవడం గోదావరి వాసుల కర్తవ్యం.