స్పార్క్ ప్లగ్ ఇచ్చి ఓడిపోయినాయన

పోయిన నెల ఒక ఇంటర్వ్యూ కోసం మొదటిసారి గన్నవరంలో విమానం ఎక్కాను. కూర్చోగానే లెక్కేశా. శంషాబాద్‌కి గాలిలో సుమారు 260 కిలోమీటర్లు. ఏటీఆర్ వేగం గంటకి 500 దాకా. అంటే అరగంట చాలు. టికెట్ మీద మాత్రం గంట పైనే ఉంది! తర్వాత అర్థమైంది. కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా అంతా లెక్కలోకే వస్తుంది: రన్‌వే దాకా నేల మీద నడక, ఎత్తెక్కడం, దిగేముందు వేగం తగ్గించుకోవడం, మలుపులు.

ఆ లెక్క వెంట పడితేనే నాకు జె.ఆర్.డి. టాటా దొరికారు.

1904లో పారిస్‌లో పుట్టారు. అమ్మ ఫ్రెంచావిడ. ఫ్రాన్స్ తీరంలో వాళ్ళ సెలవుల ఇంటి దగ్గరే బ్లెరియో ఇల్లు. 1909లో విమానంలో ఇంగ్లిష్ ఛానల్ దాటిన మొదటి మనిషి ఆయనే. ఆ పిచ్చి ఈ పిల్లాడికీ అంటుకుంది. కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరింగ్ చదవాలని ఉండేది గానీ, నాన్న వెనక్కి పిలిచేశారు. 1925లో జీతం లేని అప్రెంటిస్‌గా చేరారు. మరుసటేడే నాన్న పోయారు. డిగ్రీ లేదన్న బాధ మాత్రం చివరిదాకా ఉండిపోయింది. 1929లో మన దేశంలో ఇచ్చిన పైలట్ లైసెన్సుల్లో నంబర్ 1 ఆయనదే.

1932 అక్టోబర్ 15న కరాచీలో పొద్దున్నే పస్ మాత్ అనే బుల్లి విమానంలో ఒక్కరే బయలుదేరారు. వెంట ఉన్నది టపా సంచి. అహ్మదాబాద్‌లో ఆగి పెట్రోల్ పోయించుకుని, మధ్యాహ్నం బొంబాయి జుహూలో దిగారు. దారి మొత్తం వెయ్యి కిలోమీటర్ల పైన, వేగం గంటకి 160. భాగించి చూడండి, ఆరు గంటల పైనే వస్తుంది. అక్కడి నుంచి ఆ టపాని నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చారు. ఎయిర్ ఇండియా మొదలైంది ఇలాగే. 1953లో ప్రభుత్వం తీసుకున్నా, 1978 దాకా ఛైర్మన్ ఆయనే. 78 ఏళ్ళ వయసులో, 1982లో, మళ్ళీ అదే దారిలో చిన్న విమానం నడిపారు. 1992లో భారతరత్న వచ్చింది. మరుసటేడు జెనీవాలో కన్నుమూశారు.

కానీ నన్ను పట్టుకున్నది ఇవేవీ కాదు. 1930లో ఇండియా, ఇంగ్లండ్‌ల మధ్య ఒంటరిగా ఎగిరే పోటీ పెట్టారు. ఈయన ఇటు నుంచి, ఆస్పీ ఇంజనీర్ అనే కుర్రాడు అటు నుంచి. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆస్పీ స్పార్క్ ప్లగ్ పాడై ఆగిపోయి ఉన్నాడు. ఈయన తన దగ్గరున్న స్పేర్ తీసి ఇచ్చేశారు. ఆస్పీయే గెలిచాడు. తర్వాత వైమానిక దళానికి అధిపతి కూడా అయ్యాడు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఇంటర్వ్యూకే వస్తున్న నా రూమ్మేట్ అంతకుముందు వారం పాత ప్రశ్నల ఫైల్ అడిగితే, లేదని చెప్పాను. నా ఫోన్‌లోనే ఉంది. మా ఇద్దరికీ ఆ ఉద్యోగం రాలేదు.

పొద్దున్నే ఫైల్ పంపి, అబద్ధమాడానని కూడా చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు వాడు. మూడో రోజు మెస్‌లో నా పక్కన కూర్చుని, ఎనిమిదో ప్రశ్నకి జవాబు తప్పుందిరా అన్నాడు.