హంబోల్ట్ చేతివ్రాత

రుషికొండ సముద్రతీరాన ఉదయవేళ నడకకు వచ్చే పెద్దలను కొంతసేపు గమనిస్తే ఒక సంగతి బోధపడుతుంది. నడకలో కాళ్లు మాత్రమే కదలవు; చేతులు రెండూ లయ తప్పకుండా ముందుకూ వెనుకకూ ఊగుతాయి. ఎప్పుడైనా ఒకరికి ఒక చెయ్యి ఊగడం మానుతుంది. అడుగు పొట్టిదవుతుంది. వీపు ముందుకు వంగుతుంది. ఊరక కూర్చున్నప్పుడు ఒడిలోని చెయ్యి తనంత తానే వణుకుతుంది. ఇంటివారు దీనిని ముసలితనమే అనుకొంటారు. మన పూర్వులు కంపవాతమన్నారు. నేటి వైద్యులు పార్కిన్‌సన్ వ్యాధి అంటారు. ఈ వ్యాధి లక్షణాలు ఒక్కొక్కటిగా తనను ఆవరిస్తూండగా, వాటిని శాస్త్రజ్ఞుని కంటితో పరిశీలిస్తూ, తన జీవితంలోకెల్ల పెద్ద పనిని చివరిదాకా సాగించిన ఒక పండితుడున్నాడు. ఆయన విల్హెల్మ్ ఫాన్ హంబోల్ట్. ఆయన చేసిన పనికీ, రుషికొండ ఎదుట ఉన్న ఈ సముద్రానికీ సంబంధం లేకపోలేదు.

హంబోల్ట్ 1767 జూన్ 22న జర్మనీలోని పాట్స్‌డామ్ నగరంలో జన్మించాడు. దక్షిణ అమెరికా అడవులనూ పర్వతాలనూ శోధించి లోకప్రసిద్ధుడైన అలెగ్జాండర్ హంబోల్ట్ ఈయనకు తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ బెర్లిన్ సమీపాన ఉన్న టేగెల్ అనే తమ ఎస్టేటులో పెరిగారు. విల్హెల్మ్ 1791లో కరోలీనేను వివాహమాడాడు. అటుపై రోమ్ నగరంలో ప్రష్యా రాజ్యపు ప్రతినిధిగా కొన్నేళ్లు గడిపాడు. 1809లో ఆ రాజ్యపు విద్యాశాఖ ఆయన చేతికి వచ్చింది. ఆ పదవిలో ఆయన ఉన్నది ఏడాదిన్నర కూడ లేదు. ఆ స్వల్పకాలంలోనే ప్రాథమిక పాఠశాల మొదలు విశ్వవిద్యాలయం వరకు చదువుకు ఒక కొత్త క్రమాన్ని ఏర్పరచాడు. బెర్లిన్ విశ్వవిద్యాలయ స్థాపనకు మూలపురుషుడు ఆయనే. బోధించేవాడు పరిశోధకుడు కూడ కావాలనీ, విద్యార్థి వానితోపాటు సత్యాన్ని వెదకాలనీ ఆయన నమ్మిక. నేడు లోకంలోని అనేక విశ్వవిద్యాలయాలు ఆ దారిలోనే నడుస్తున్నాయి.

1817లో ఆయన ప్రష్యా రాయబారిగా లండన్ వెళ్లాడు. అక్కడ ఫ్రాంజ్ బోప్ అనే యువపండితుని సాహచర్యంలో సంస్కృతాభ్యాసం చేశాడు. ఆ ఏడాదే, ఆ నగరంలోనే, జేమ్స్ పార్కిన్‌సన్ అనే వైద్యుడు వణుకు వాతాన్ని గురించి ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. అందులో వర్ణింపబడిన రోగులు ఆరుగురే. వారిలో కొందరిని ఆయన వీధిలో నడుస్తూండగా గమనించినవాడు మాత్రమే. రాయబారి సంస్కృత ధాతువులను నేర్చుకొంటున్న ఊరిలోనే, పదేళ్ల తరువాత తనను పట్టుకోబోయే వ్యాధి వర్ణన అచ్చవుతున్నది. విధి విలాసం అనదగినది ఇదే.

1819లో పత్రికల నోరు, విశ్వవిద్యాలయాల నోరు కట్టివేసిన శాసనాలను హంబోల్ట్ ఎదిరించాడు. ఫలితంగా ఆ సంవత్సరపు చివరి దినాన ఆయన మంత్రిపదవి పోయింది. రాజకీయాలకు స్వస్తి చెప్పి టేగెల్ చేరి, మిగిలిన జీవితాన్ని భాషలకు అంకితం చేశాడు. 1825, 1826లలో బెర్లిన్ అకాడమీలో భగవద్గీతను గురించి ప్రసంగాలు చేశాడు. ఆ తరువాత ఆయన దృష్టి జావా ద్వీపపు ప్రాచీన కావ్యభాషపై నిలిచింది. ఆ భాష పేరు కవి.

ఇక్కడ మన సముద్రం జ్ఞప్తికి వస్తుంది. విశాఖకూ భీమునిపట్నానికీ నడుమ తొట్లకొండ, బావికొండ వంటి బౌద్ధారామాలు ఈ తీరాన్నే వెలసినవి. బంగాళాఖాతానికి ఆవల ఉన్న ద్వీపాలకు మన దేశపు ధర్మాలూ, కథలూ, మాటలూ ఓడలెక్కి వెళ్లాయి. జావాలో భారతయుద్ధమే కవి భాషలో కావ్యమయింది. ఆ కావ్యంలో సంస్కృతపదాలు కోకొల్లలు. మరి ఆ భాష సంస్కృతానికి పుత్రికేనా? హంబోల్ట్ శ్రమించి తేల్చిన సమాధానం కాదని. మాటలు ఎరువు తెచ్చుకొన్నవి. వాక్యాన్ని నిలిపే ఎముకలగూడు, అనగా వ్యాకరణం, మలయా భాషా కుటుంబానిది. తెలుగువారికి ఈ తర్కం కొత్త కాదు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి పీఠిక వ్రాస్తూ ఎల్లిస్ దొర ఇటువంటి వాదమే చేశాడు. తెలుగులో సంస్కృతపదాలు ఎన్ని ఉన్నా తెలుగు సంస్కృతజన్యం కాదని ఆయన నిరూపించాడు.

ఈ పని సాగుతూండగానే 1829 మార్చిలో కరోలీనే మరణించింది. ఆ దుఃఖంతో హంబోల్ట్ ఒక్కసారిగా వృద్ధుడయ్యాడు. చేతులు వణకసాగాయి. పని చేస్తున్నప్పటికంటె ఊరక ఉన్నప్పుడే వణుకు హెచ్చు. నడుము వంగింది. అన్నిటికంటె ఆయనను బాధించింది చేతివ్రాత. వాక్యం మొదట్లో ఒక మోస్తరుగా ఉన్న అక్షరాలు పోను పోను కుంచించుకుపోయి, చివరకు చదువ శక్యం కానివయ్యేవి. వేలాది ఉత్తరాలు వ్రాసిన చేతికి ఇది చిన్న శిక్ష కాదు.

ఆయన దీనిని చూచి విలపించి ఊరుకోలేదు. భాషలను విడదీసి చూచినట్లే తన చేతినీ విడదీసి చూచాడు. కండబలం పోలేదని గ్రహించాడు. వణుకు ఒకటి, వ్రాతకు అడ్డు వచ్చేది మరొకటి అని వేరు చేశాడు. చిన్న చిన్న కదలికలు వేగంగా, ఒకదాని వెంట ఒకటి, క్రమం తప్పక రావలసిన చోటనే చెయ్యి మొరాయిస్తున్నదని కనిపెట్టాడు. తన మిత్రులకు వ్రాసిన ఉత్తరాలలో ఈ సంగతులను దాచక వర్ణించాడు. అక్షరం చిన్నదవడం ఈ వ్యాధికి గుర్తు అని నేటి వైద్యశాస్త్రం చెబుతుంది. పార్కిన్‌సన్ పుస్తకంలో లేని ఆ గుర్తును రోగియే ముందుగా వర్ణించాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఉత్తరాలను పరిశీలించిన వైద్యులే ఆయన వ్యాధికి పేరు పెట్టగలిగారు.

ఒక్కచోట మాత్రం ఆయన పొరబడ్డాడు. ఇది వ్యాధి కాదనీ, భార్యావియోగం తొందరపెట్టి తెచ్చిన ముసలితనమనీ నమ్మాడు. వేసవులలో ఉత్తర సముద్రంలోని నార్డెర్నీ ద్వీపానికి వెళ్లి సముద్రస్నానాలు చేశాడు. అలలు ఆయన అక్షరాలను తిరిగి పెద్దవి చేయలేకపోయాయి.

అయితే చెయ్యి చేయలేని పనిని మరొక దారిని మళ్లించవచ్చునని ఆయనకు తెలుసు. బుష్‌మన్ అనే యువపండితుడు కవి భాషా గ్రంథంలో ఆయనకు కుడిభుజమై నిలిచాడు. వ్రాయలేనిది చెప్పి వ్రాయించాడు. టేగెల్ తోటలో ఎత్తయిన స్తంభంపై ఆశాదేవి ప్రతిమ నిలిపిన భార్య సమాధి వరకు నడిచి వచ్చేవాడు. రాత్రివేళ పద్నాలుగు పాదాల పద్యం ఒకటి చెప్పి వ్రాయగాని చేత వ్రాయించడం ఆయన నియమం. ఈ సంగతి తమ్మునికి సైతం తెలియదు. 1835 ఏప్రిల్ 8న, తన అరువది ఏడవ ఏట, టేగెల్‌లోనే ఆయన కన్నుమూశాడు. ఆ తరువాత చూస్తే అటువంటి పద్యాలు వేయికి పైగా ఉన్నాయి. కవి భాషను గురించిన గ్రంథం 1836 నుండి 1839 వరకు మూడు సంపుటాలుగా వెలువడింది. ఆ బృహద్గ్రంథానికి పీఠిక వ్రాసినవాడు తమ్ముడు అలెగ్జాండర్.

హంబోల్ట్‌కు దొరకని మందు మన పొలాల గట్లపై తీగయై పాకుతూనే ఉండినది. దూలగొండి గింజల నుండి లీవోడోపా అనే పదార్థాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరు చేశారు. దాని విలువ అప్పుడు తెలియలేదు. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్షీణించడమే ఈ వణుకుకూ జాగుకూ హేతువని తరువాత తెలిసింది. ఆ లోటును లీవోడోపా కొంత పూడ్చగలదని 1960ల నాటికి రుజువయింది. అది వ్యాధిని మాన్పదు. కదలికను కొంతకాలం తిరిగి ఇస్తుంది. మోతాదు వైద్యుడే నిర్ణయించాలి. గింజలను ఇంటిలో నూరి తినడం ప్రమాదం. మందుతోపాటు అభ్యాసమూ అవసరం. గీతల కాగితంపై వ్రాస్తే అక్షరం అంతగా కుంచించుకుపోదు. కాలు నేలకు అంటుకొన్నట్లయినప్పుడు ఒకటి, రెండు అని లెక్కించుకొన్నా, నేలపై ఒక గీతను చూచి దానిని దాటబోయినా అడుగు కదులుతుంది.

గీతల కాగితం, అంకెల లెక్క: ఈ రెండూ మన ఉపాధ్యాయులు పసిపిల్లల చేత నిత్యం చేయించేవే. కనుక తాతగారి సంతకం ఏడాదికేడాది చిన్నదవుతూంటే ముందుగా గుర్తించగల కన్ను బడిపిల్లవానిది. అది పరాకు కాదు, సోమరితనం కాదు. తాతగారు చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పడితే ఆ పది నిమిషాలు ఆయనకు ఇవ్వాలి. వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. రుషికొండ ఇసుకలో పొట్టి అడుగులు వేస్తూ ఒక పెద్దమనిషి ఎదురైతే తొందరపెట్టక దారి ఇవ్వండి. ఆ వంగిన తలలో ఏ గ్రంథం ముగింపునకు వస్తున్నదో ఎవరికి తెలుసు!